ఫ్లాట్‌లోకి ట్రెడ్‌మిల్ కొనేముందు: హెచ్‌పీ లెక్క, ప్లగ్, జాగా, ఆయిల్

మీరడిగింది క్లుప్తంగా మళ్ళీ చెప్తా, వేరేవాళ్ళు చదివినా అర్థమవ్వాలి కాబట్టి. నిజాంపేట్‌లో మూడో ఫ్లోర్, టూ బీహెచ్‌కే. మీరు 92 కేజీలు, మీ మిసెస్ 68, అమ్మగారికి 64 ఏళ్ళు, షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులు కూడా. ఆన్‌లైన్‌లో 4 హెచ్‌పీ అని 27 వేలకి ఒకటి చూశారు, షాపులో 2 హెచ్‌పీ అని 42 వేలకి ఇంకోటి చూశారు, హెచ్‌పీ సగమే ఉన్నదానికి డబ్బులు ఎక్కువెందుకు, బాల్కనీలో పెట్టొచ్చా, కింద ఇంటివాళ్ళతో గొడవ రాదా, కరెంటు ఎంత కాలుతది. నేను ఈ మెషీన్ల సర్వీస్ లైన్‌లోనే చాలా ఏళ్ళ నుంచి ఉన్నా, కూకట్‌పల్లి, మియాపూర్, మణికొండ వైపు ఇళ్ళల్లో మోటార్ కవర్ విప్పి చూడడమే నా పని, అందుకే షోరూమ్‌లో చెప్పే మాటలు కాకుండా రెండేళ్ళ తర్వాత ఏమైతదో ఆ వైపు నుంచి చెప్తా.

ముందు హెచ్‌పీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే పడిపోతారు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్స్. 4 హెచ్‌పీ అంటే దాదాపు 3000 వాట్స్ అన్నమాట. ఇప్పుడు ఆ ఆన్‌లైన్ మెషీన్ ఫోటోల్లో ప్లగ్ చూడండి, చిన్న ప్లగ్ అయితే అది 6 ఆంప్స్, మన 230 వోల్ట్స్‌తో గుణిస్తే 1380 వాట్స్. 1380 వాట్స్ తీసుకునే ప్లగ్ నుంచి 3000 వాట్స్ పని ఎట్లా బయటికొస్తది? రాదు. వాళ్ళు రాసేది పీక్ హెచ్‌పీ, అంటే ఒక్క క్షణం మోటార్ గుంజగలిగే గరిష్ఠం, మీరు అరగంట నడిచేటప్పుడు దానితో పనే లేదు. మీకు కావాల్సింది కంటిన్యువస్ హెచ్‌పీ, అంటే మోటార్ ఆగకుండా ఇస్తూ పోగలిగే పవర్, కొందరు సీహెచ్‌పీ అని రాస్తారు. షాపాయన చెప్పిన 2 హెచ్‌పీ కంటిన్యువస్సే అయితే అది ఆ 4 హెచ్‌పీ కంటే గట్టి మోటార్ అయ్యే ఛాన్సే ఎక్కువ. అనుమానముంటే మెషీన్ ముందు భాగంలోనో కిందనో రేటింగ్ స్టిక్కర్ ఉంటది, దాని మీద వాట్స్ రాసుంటది, సేల్స్‌మన్ మాటకంటే ఆ స్టిక్కర్‌ని నమ్మండి. ఆన్‌లైన్‌లో అయితే ఆ స్టిక్కర్ ఫోటో పంపమని అడగండి, పంపకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకో మాట, ఇళ్ళల్లో మోటార్ పోవడం నేను చూసింది తక్కువ. పోయేది కంట్రోలర్ బోర్డు, అంటే మోటార్‌కి కరెంటిచ్చి స్పీడ్‌ని అదుపు చేసే సర్క్యూట్ బోర్డు. మోటార్‌కి మూడేళ్ళనీ లైఫ్‌టైమ్ అనీ వారంటీ పెద్దక్షరాల్లో రాసి, బోర్డుకి ఒక సంవత్సరం అని చిన్నగా రాసేది అందుకే. వారంటీ కార్డులో మోటార్ లైన్ వదిలేసి బోర్డు ఎంతకాలం, డిస్‌ప్లే ఎంతకాలం, బెల్ట్ వారంటీలో ఉందా లేదా అని చదవండి. బెల్ట్‌ని చాలామంది అరిగే వస్తువు కింద రాసి వారంటీ నుంచి తీసేస్తారు. ఆ తర్వాత అడగాల్సింది, హైదరాబాద్‌లో వాళ్ళ సొంత టెక్నీషియన్ ఉన్నాడా, బోర్డు ఇక్కడ స్టాక్ ఉంటదా లేక ఢిల్లీ నుంచి రావాలా అని. బోర్డు రావడానికి నెల పడితే ఆ నెలలో మీ వాకింగ్ అలవాటు పోతది, మెషీన్ మీదికి బట్టలు ఎక్కుతయి, అక్కడితో కథ అయిపోతది. పవర్‌మ్యాక్స్, స్పార్నాడ్, కల్ట్, వెల్‌కేర్, డెకాథ్లాన్ వాళ్ళ డోమియోస్, ఇట్లా మార్కెట్‌లో చాలా ఉన్నయి, ఫలానా బ్రాండే తీస్కోండి అని నేను చెప్పను, ఒకే బ్రాండ్‌లో మంచి మోడల్ ఉంటది, చెత్త మోడల్ ఉంటది. మీ ఏరియాకి సర్వీస్ ఎంత తొందరగా వస్తదో దాన్నిబట్టి తీస్కోండి.

మీ బరువు 92 కదా, అందుకని మ్యాక్స్ యూజర్ వెయిట్ 100 అని రాసున్నవి పక్కన పెట్టేయండి. ఇంట్లో అందరికంటే బరువున్న మనిషికి ఇంకో 20, 25 కేజీలు కలిపి చూస్కోవాలి, అంటే మీకు 115, 120 రేటింగ్. అది కూడా కాగితం మీద లెక్కే, అసలు లెక్క ఏంటంటే మెషీన్ సొంత బరువు చూడండి. 120 కేజీల మనిషిని మోస్తానని చెప్పే మెషీన్ తనే 30 కేజీలుంటే ఆ ఫ్రేమ్‌లో ఇనుము ఎక్కడుంది? మీ బరువుకి 50 కేజీలు దాటిన మెషీన్ అయితే నిలకడగా ఉంటది, ఊగదు.

బెల్ట్ సైజు విషయంలో మీరు నడకకే అన్నారు కాబట్టి 42, 43 సెంటీమీటర్ల వెడల్పు, 120 పొడవు దాకా ఉంటే చాలు. పరుగెత్తాలనుకుంటే మాత్రం వెడల్పు 48, 50, పొడవు 135 పైన ఉండాలి, అప్పుడు రేటు వేరే లెవెల్‌కి పోతది. చాలామంది ఎప్పుడో పరుగెడతాం కదా అని ఆ లెవెల్‌కి పోతారు. పరుగెత్తరు. నడకకి కొనుక్కోండి, నిజంగా పరుగు మొదలుపెడితే అప్పుడు చూద్దాం.

ఇంక్లైన్ అంటే ఎత్తెక్కినట్టు నడిచేలా బెల్ట్‌ని వాలుగా పెట్టడం, ఆటో, మ్యాన్యువల్ అని రెండుంటయి. మ్యాన్యువల్ అంటే దిగి, మెషీన్ వెనక కాళ్ళు మార్చి మళ్ళీ ఎక్కాలి, ఒకసారి పెట్టినాక ఎవరూ మార్చరు. ఆటో మంచిదే కానీ దానికి ఇంకో చిన్న మోటార్, ఇంకో రిపేర్. ఇంక్లైన్‌ని తేలిగ్గా తీస్కోకండి. హాస్పిటల్‌లో ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెకి చేసే టీఎంటీ పరీక్ష చూశారు కదా, ఎక్కువ చోట్ల దానికి వాడేది రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా డాక్టర్ 1963లో ప్రచురించిన పద్ధతి, అందులో మొదటి స్టేజ్ స్పీడ్ గంటకి 2.7 కిలోమీటర్లే, మనం కూరగాయల మార్కెట్‌లో తిరిగేంత స్పీడ్, కానీ ఎత్తు 10 శాతం, మూడు నిమిషాలకోసారి స్పీడూ ఎత్తూ రెండూ పెంచుకుంటూ పోతారు. గుండెకి పని పెట్టాలంటే స్పీడ్ ఒక్కటే పెంచనక్కర్లేదని దాన్నిబట్టి అర్థమైతది. మీకు 2, 3 శాతం ఎత్తుతో 5 కిలోమీటర్ల స్పీడ్ అంటే మంచి చెమటే. పిక్కలు పట్టేస్తే ఎత్తు తగ్గించండి. అమ్మగారికి మాత్రం ఎత్తు జీరో.

ఇక జాగా. బాల్కనీ వద్దు. అస్సలు వద్దు. హైదరాబాద్‌లో ఏ కాలనీ చూసినా పక్కన ఒక బిల్డింగ్ లేస్తనే ఉంటది, ఆ సిమెంట్ దుమ్మంతా మోటార్ ఫ్యాన్ లోపలికి గుంజుకుంటది, మేలో ఎండ, జూన్ నుంచి జల్లు. బాల్కనీలో పెట్టిన మెషీన్లలో బోర్డు మీద దుమ్ము, తేమ కలిసి పేస్ట్ లాగా పట్టేసి ఉంటది, బల్లి దూరి షార్ట్ అయినవి కూడా విప్పినా. హాల్లోనో బెడ్రూంలోనో పెట్టండి. ఎక్కడ పెట్టినా వెనకాల ఆరడుగులు ఖాళీ ఉండాలి. ఇది స్పేస్ వేస్ట్ అనుకుని అందరూ వెనక భాగాన్ని గోడకి ఆనిస్తారు, టీవీ ఎదురుగా వస్తది అని. కాలు జారితే బెల్ట్ మనిషిని వెనక్కి నెట్టుకుపోతది, అక్కడ గోడ ఉంటే మనిషి గోడకీ బెల్ట్‌కీ మధ్య ఇరుక్కుంటడు, బెల్ట్ తిరుగుతనే ఉంటది, చర్మం లేచిపోతది. ముందు భాగం గోడ వైపు, వెనకాల ఖాళీ, ఇదొక్కటి మాత్రం అడ్జస్ట్ అవ్వకండి. పైన సజ్జ ఉందేమో కూడా చూస్కోండి, బెల్ట్ ఎత్తు ఒక అర అడుగు, దాని మీద మీరు, నడిచేటప్పుడు పైకి లేచేది ఇంకొంచెం, పొడుగు మనుషులకి తల తగులుతది.

డెలివరీ వాళ్ళు చాలావరకు గ్రౌండ్ ఫ్లోర్ వరకే అంటారు. బాక్స్ ఐదున్నర ఆరడుగుల పొడవుంటది, మీ లిఫ్ట్‌లో నిలబెట్టి పడ్తదా లేదా ముందే టేపు పెట్టి కొలవండి. పట్టకపోతే మెట్ల మీద మూడు ఫ్లోర్లు మోయించాలి, దానికి కూలీ మాట్లాడుకోవాలి. ఇన్‌స్టాలేషన్ ఫ్రీనా కాదా అని రాతపూర్వకంగా తీస్కోండి.

కింద ఫ్లోర్ వాళ్ళ సంగతి. నడకకి పెద్ద ప్రాబ్లం రాదు, పరుగుకి వస్తది, ప్రతి అడుగూ వాళ్ళ సీలింగ్‌లో దబ్ దబ్ అని వినిపిస్తది. మెషీన్‌ని గది మధ్యలో కాకుండా బీమ్ మీదికో, పిల్లర్ దగ్గర మూలకో జరిపితే అదురు తగ్గుతది. కింద దళసరి రబ్బర్ మ్యాట్ వేయండి, మెషీన్ కంపెనీ అమ్మే యోగా మ్యాట్ లాంటిది కాదు, రాణిగంజ్ వైపు రబ్బర్ షీట్ షాపుల్లో 10, 12 ఎంఎం షీట్ కోసిస్తారు. మ్యాట్ ఉంటే టైల్ కూడా పగలదు. మొదటి రోజే మీ మిసెస్‌ని నడవమని చెప్పి మీరు కిందికి పోయి వాళ్ళింట్లో ఒక ఐదు నిమిషాలు కూర్చుని వినండి, సమోసాలేమైనా పట్టుకెళ్ళండి, తర్వాత వచ్చే సగం కంప్లైంట్లు అక్కడే ఆగిపోతయి. తెల్లారుజామున నాలుగున్నరకి మాత్రం వద్దు.

ప్లగ్ పాయింట్. ఏసీకి, గీజర్‌కి పెట్టే 16 ఆంప్స్ సాకెట్ ఒకటి దానికే కేటాయించండి, ఎర్తింగ్ పనిచేస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. మల్టీ ప్లగ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టొద్దు, సన్న వైరు వేడెక్కి వోల్టేజ్ పడిపోతది, బోర్డు పోయేది ఇట్లాంటి చోట్లనే. ఇన్వర్టర్ లైన్ మీద కూడా పెట్టొద్దు, మనింట్లో ఫ్యాన్లు లైట్లకి పెట్టిన ఇన్వర్టర్ దీన్ని లాగలేదు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బీప్ కొడ్తది, పైనున్న మనిషి తూలి పడ్తడు. ఎండాకాలం సాయంత్రాలు మీ లైన్‌లో వోల్టేజ్ ఊగితే ఏసీ సైజు స్టెబిలైజర్ పెట్టించండి, బోర్డు రేటుతో పోలిస్తే అది తక్కువే. చలికాలం పొడిగాలిలో హ్యాండిల్ ముట్టుకుంటే చిటుక్కుమని షాక్ కొడ్తదని చాలామంది భయపడి ఫోన్ చేస్తారు, బెల్ట్ రాపిడికి పుట్టే స్టాటిక్ అది, ఎర్తింగ్ సరిగ్గా ఉంటే, ఆయిల్ వేస్తే చాలావరకు పోతది.

ఆయిల్ అన్నా కదా, ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే మెషీన్ బతుకు దీని మీదే ఉంది. బెల్ట్ కింద ఒక చెక్క డెక్ ఉంటది, పైన నున్నటి పూత. బెల్ట్ దాని మీద జారుతది. ఆయిల్ ఎండిపోతే రాపిడి పెరుగుతది, అదే స్పీడ్‌కి మోటార్ ఎక్కువ కరెంట్ గుంజుతది, ఆ కరెంటంతా బోర్డు మీది నుంచే పోవాలి, అది వేడెక్కి వేడెక్కి ఒకరోజు ఎర్రర్ చూపించి ఆగిపోతది. మనం బోర్డు బాలేదు అనుకుంటం, కొత్త బోర్డు వేస్తం, ఎండిన డెక్ అట్లనే ఉంటది కాబట్టి అది కూడా పోతది. సిలికాన్ ఆయిలే వేయాలి. కొబ్బరి నూనె వద్దు, కుట్టు మెషీన్ ఆయిల్ వద్దు, తుప్పు వదిలించే స్ప్రేలు అసలే వద్దు, అవి బెల్ట్‌ని, డెక్ పూతని పాడుచేస్తయి. ప్లగ్ పీకేసి, బెల్ట్ అంచు ఎత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చి డెక్ మధ్యలో తడిమి చూడండి, వేళ్ళకి జిడ్డు తగిలితే ఇంకా ఉంది, పొడిగా ఉంటే వేయాలి. రెండు వైపుల నుంచి ఒక్కో వైపు 10, 15 ఎంఎల్, మధ్యలో పాదాలు పడే చోట పడేట్టు. తర్వాత మనిషి ఎక్కకుండా తక్కువ స్పీడ్‌లో కాసేపు తిప్పి, ఆ తర్వాత నడవండి. ముగ్గురు రోజూ వాడితే రెండు మూడు నెలలకోసారి చూస్కోండి, మాన్యువల్‌లో వేరేగా రాసుంటే అదే ఫాలో అవ్వండి. ఎక్కువ పోసినా బెల్ట్ జారుతది, దుమ్ము పట్టుకుంటది.

బెల్ట్ ఒక పక్కకి పోవడం మామూలే, దానికి టెక్నీషియన్‌కి డబ్బులివ్వకండి. వెనకాల రెండు వైపులా రెండు బోల్టులుంటయి, అలెన్ కీ మెషీన్‌తోనే వస్తది. ఖాళీగా 4, 5 స్పీడ్‌లో తిరుగుతుండగా బెల్ట్ కుడికి పోతుంటే కుడి బోల్ట్‌ని గడియారం దిశలో పావు తిప్పు, ఎడమకి పోతుంటే ఎడమ బోల్ట్ పావు తిప్పు. ఒక నిమిషం ఆగి చూసి మళ్ళీ తిప్పండి. ఆత్రంగా ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పితే బేరింగ్ మీద లోడ్ పడ్తది. ఆర్నెల్లకోసారి మోటార్ కవర్ విప్పి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, ప్లగ్ పీకినాకే. ఇంట్లో మాప్ పెట్టేవాళ్ళకి మెషీన్ కింద బకెట్ నీళ్ళు గుమ్మరించొద్దని చెప్పండి.

ఎవరైనా టెక్నీషియన్ వచ్చి రెండు నిమిషాల్లో బోర్డు పోయింది అంటే వెంటనే సరే అనకండి. స్పీడ్ సెన్సర్ చూశారా, మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు చూశారా, డెక్ ఎండిందా అని అడగండి. సెన్సర్ కొంచెం జరిగినా స్పీడ్ ఎర్రర్ వస్తది, అది చిన్న పని. ఎర్రర్ నంబర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం, యూట్యూబ్‌లో వేరే కంపెనీ వీడియో చూసి బోర్డు ఆర్డర్ పెట్టేసినవాళ్ళున్నారు.

వాడేటప్పుడు. ఎక్కగానే బెల్ట్ మీద నిలబడి స్టార్ట్ నొక్కకండి, రెండు పక్కల ఉండే పట్టీల మీద కాళ్ళు పెట్టి, బెల్ట్ నిదానంగా కదలడం మొదలైనాక అడుగేయండి. ఎర్ర తాడుండే సేఫ్టీ కీ క్లిప్ బట్టలకి పెట్టుకోండి, దాన్ని ఎవరూ పెట్టుకోరు, పడ్డరోజు గుర్తొస్తది. వాడనప్పుడు ఆ కీ తీసి అల్మారాలో పడేయండి, ముఖ్యంగా పిల్లలు వచ్చిపోయే ఇల్లయితే. 2021 మేలో అమెరికాలో పెలోటన్ అనే కంపెనీ వాళ్ళు ఒక ట్రెడ్‌మిల్ మోడల్‌వి లక్ష పైన మెషీన్లు వెనక్కి పిలిపించారు, ఒక చిన్న పిల్లాడు దాని కింద ఇరుక్కుని చనిపోయినందుకు. అది ఖరీదైన మెషీన్, అయినా అట్లా అయింది. చున్నీ, చీర కుచ్చిళ్ళు, లూజు నైటీ వేసుకుని ఎక్కనివ్వకండి. ఇంట్లో చెప్పులు వేసుకోం అని వట్టికాళ్ళతో నడుస్తారు చాలామంది, బెల్ట్ వేడికి, రాపిడికి పాదాలు కమిలిపోతయి, షుగర్ ఉన్నోళ్ళకి అది ఇంకా డేంజర్. బయట ఎప్పుడూ వేయని షూస్ ఒక జత మెషీన్ పక్కనే పెట్టుకోండి, అమ్మగారు కూడా ఏమనరు.

వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు నడక అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది, అంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు. స్పీడ్ ఎంత పెట్టాలి అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే. డిస్‌ప్లే మీద కేలరీలు నమ్మకండి, బరువు ఎంటర్ చేయని మెషీన్‌కి మీరు 92 ఉన్నారో 60 ఉన్నారో ఎట్లా తెలుస్తది? మీ బరువుకి 5 స్పీడ్‌లో అరగంట సమతలంగా నడిస్తే ఒక 160 కేలరీల లెక్క వస్తది, అదీ హ్యాండిల్ మీద బరువు వేయకుండా నడిస్తే. రెండు సమోసాలకి అది సరిపోదు. చిన్న మెషీన్లలో అరగంట, నలభై నిమిషాలకి మించి ఆపకుండా నడపొద్దని మాన్యువల్‌లోనే ఉంటది, ముగ్గురు వరుసగా ఎక్కితే మధ్యలో కాసేపు చల్లారనివ్వండి.

అమ్మగారి విషయంలో ముందు డాక్టర్‌ని అడగండి, ఛాతీలో పట్టేసినట్టు, ఆయాసం ఉంటే టీఎంటీ అవసరమో వాళ్ళే చెప్తారు. ఆవిడకోసం పొడవైన సైడ్ హ్యాండిల్స్ ఉన్న మోడల్ చూడండి, ఇప్పుడు చీప్‌గా వస్తున్న హ్యాండిల్ లేని వాకింగ్ ప్యాడ్ మాత్రం కొనకండి. తిన్నాక పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే భోజనం తర్వాత పెరిగే షుగర్‌కి మంచిది, 2 స్పీడ్ చాలు, మొదటి రెండు వారాలు పక్కన ఎవరో ఒకరు నిలబడండి. పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తగ్గినట్టు ఉంటే ట్రెడ్‌మిల్ కంటే మీ కారిడార్‌లో నడవడమే సేఫ్. దిగేటప్పుడు ఒక నిమిషం కళ్ళు తిరిగినట్టు ఉంటది, చివర్లో స్పీడ్ తగ్గించుకుంటూ రావాలి, ఠక్కున ఆపొద్దు.

సెకండ్ హ్యాండ్ కూడా ఆలోచించండి. జనవరిలో కొని ఉగాదికల్లా అమ్మకానికి పెట్టేవాళ్ళు ఈ ఊర్లో బోలెడుమంది, గచ్చిబౌలి, నల్లగండ్ల వైపు ఇల్లు మారేవాళ్ళ దగ్గర మంచి మెషీన్లు సగం రేటుకి దొరుకుతయి. చూడ్డానికి మీరే పోవాలి, ఎందుకంటే 92 కేజీలతో 2 స్పీడ్‌లో నిలకడగా తిరిగితేనే మోటార్ బాగున్నట్టు, ఖాళీగా 10లో తిప్పి చూపిస్తే ఏం తెలీదు. అడుగు పడగానే బెల్ట్ తడబడితే, కాలిన వాసనొస్తే వదిలేయండి. బెల్ట్ ఎత్తి డెక్ మీద గాడి పడిందేమో చూడండి. ఆ మోడల్‌కి పార్టులు ఇంకా వస్తున్నయా అని కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బులివ్వండి.

మీ రెండిట్లో అయితే నేను 42 వేల దానికే పోతా, స్టిక్కర్ మీద వాట్స్, యూజర్ వెయిట్ 115 పైన, బోర్డు వారంటీ ఈ మూడూ సరిపోతేనే. సరిపోకపోతే రెండూ వదిలేసి ఇంకో షాప్ చూడండి, రేటు మీద కొంచెం బేరమాడండి, ఆయిల్ బాటిల్, మ్యాట్ ఫ్రీగా ఇస్తారు.

కరెంటు బిల్లుకి భయపడక్కర్లేదు. నడక స్పీడ్‌లో సుమారు 500 వాట్స్ అనుకుంటే రోజుకి గంట చొప్పున నెలకి 15 యూనిట్లు, ముగ్గురూ తలా అరగంట నడిస్తే 22, 23 యూనిట్లు. మీ స్లాబ్ ఏంటో బిల్లు మీద చూసి గుణించుకోండి, స్లాబ్ అంచున ఉంటే మాత్రం కొంచెం తేడా కనిపిస్తది.